కాల్చడం అంతగా రాని ఆటగాడికి జట్టు షూటర్‌లో పని ఉండాలా?

శివంరోడ్డు:

నేను జూనియర్ కాలేజీలో గణితం చెబుతాను. వయసు ముప్పై తొమ్మిది. ప్రతి శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు మేము అయిదుగురం జట్టుగా షూటర్ ఆటలు, అంటే కంప్యూటర్‌లో తుపాకీతో కాల్చే ఆటలు, ఆడతాం. నేను, మా బావ, బావ కొడుకు, మా చిన్నమ్మ కూతురు, నాతో డిగ్రీ చదివిన స్నేహితుడు. మూడు వారాలుగా ఆటకన్నా వాదన ఎక్కువైంది. మాలో మాకు తేలేలా లేదు కాబట్టి మీ ముందు పెడుతున్నాను.

బావకు మల్కాజ్‌గిరిలో టైలరింగ్ షాపు ఉంది. నలభై ఏడేళ్లు. పాతికేళ్లుగా కత్తెర పట్టిన కుడిచేతి బొటనవేలు సాయంత్రానికి బిగుసుకుపోతుంది. ఆయన మౌసు తిప్పి గురి చూసేలోపే ఎదుటివాడు కాల్చేస్తాడు. మేనల్లుడికి పంతొమ్మిది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాడి చేయి ఎప్పుడు కదిలిందో కూడా మనకు తెలియదు. నెల కిందట వాడొక ఆట ఎంచాడు. రెండు జట్లు, పది నిమిషాలు. ఎవరు ఎక్కువమందిని చంపితే వాళ్లది గెలుపు. చనిపోయినవాళ్లు కొన్ని సెకన్లలో మళ్లీ లేచి ఆడతారు. ఆట ముగియగానే తెర మీద మార్కుల పట్టీ లాంటిది వస్తుంది. అందులో ప్రతిసారీ అట్టడుగున ఉండే పేరు బావదే.

మూడో శనివారం ఆయన మౌసు పక్కన పెట్టి, “మీరు నలుగురూ ఆడుకోండి, నేను చూస్తూ కూర్చుంటాను” అన్నారు. మేనల్లుడు నాతో, “షూటర్ అంటే కాల్చడమే కదా మామయ్యా, అది రాకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?” అన్నాడు. తండ్రిని నొప్పించాలని కాదు, అది నిజమని నమ్మే అన్నాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత కాగితం మీద లెక్క వేసి చూశాను. ఆ ఆటలో మనం చనిపోయిన ప్రతిసారీ అవతలి జట్టుకు ఒక పాయింటు పడుతుంది. బావ నలుగురిని చంపి పదిహేనుసార్లు చనిపోతే, ఆయన జట్టులో ఉన్నందుకు మాకు పదకొండు పాయింట్ల నష్టం. ఆయన కుర్చీలో కదలకుండా దాక్కుని కూర్చుంటే మాకు మేలు. ఒక మనిషి ఆడడం మానేస్తే జట్టు బాగుపడే ఆటను జట్టు ఆట అని ఎలా పిలుస్తాం? తప్పు బావ చేతిలో ఉందా, ఆట లెక్కలో ఉందా?

నాకు ఈ పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 2005లో హైదరాబాద్ శివం రోడ్డులో ఒక జిరాక్స్ షాపు పై అంతస్తులో నెట్ సెంటర్ ఉండేది. పది కంప్యూటర్లు, గంటకు ఇరవై రూపాయలు. ఆదివారం పొద్దున అయిదుగురం ఇటు, అయిదుగురు అటు కూర్చుని కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడేవాళ్లం. అందులో ఒక జట్టు బాంబు పెట్టడానికి వస్తుంది, ఇంకొకటి కాపలా కాస్తుంది. ఆట జరిగే స్థలం, అంటే మ్యాప్, ఎప్పుడూ డస్ట్ 2యే. రెండు జట్లూ ఒకే గదిలో ఉండడంతో ఏం అరిచినా అవతలివాళ్లకు వినపడిపోయేది. అందుకని చోట్లకు మా పేర్లు మేం పెట్టుకున్నాం. నడుమ తలుపులు ఉండే చోటు చౌరస్తా. బి అనే బాంబు చోటు వైపు తీసుకెళ్లే చీకటి సొరంగం నాలా. బి సైట్‌లోని ఎత్తయిన గట్టు అరుగు. లాంగ్ అనే పొడవాటి దారి చివర పల్లంగా ఉండే మూల బావి. రెండు నెలలకు అవతలివాళ్లూ ఈ పేర్లు నేర్చుకున్నారు. మేం మళ్లీ మార్చుకున్నాం.

మా జట్టులో దళసరి అద్దాల కళ్లజోడు పెట్టుకునే కుర్రవాడు ఒకడు ఉండేవాడు. గురి అసలు కుదిరేది కాదు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న హెడ్‌ఫోన్ సంచిలో పెట్టుకుని తెచ్చేవాడు. నెట్ సెంటర్‌లో ఉన్నవి సగం పనిచేసేవి కావు. ఆ ఆటలో పరుగెత్తితే అడుగుల చప్పుడు వినిపిస్తుంది, మెల్లగా నడిస్తే వినిపించదు. మట్టి మీద ఒక చప్పుడు, చెక్క మీద ఇంకొకటి. వాడు అరుగు మీద ఒక మూల కదలకుండా నిలబడి, “నాలాలో ముగ్గురు, ఒకడు ఆగిపోయాడు” అని చెప్పేవాడు. మేం నలుగురం చౌరస్తా వదిలి అటు పరుగెత్తేవాళ్లం. వాడు ఆదివారమంతా ఆడి నలుగురిని కూడా చంపేవాడు కాదు. కానీ వాడు రాని ఆదివారం మేం గెలిచినట్టు నాకు గుర్తు లేదు.

ఆ ఆట పొందిక అలాంటిది. బాంబు పెట్టే చోట్లు రెండు, కాపలా ఉండేవాళ్లు అయిదుగురు. రెండు చోట్లనూ సమానంగా కాయలేరు. రౌండు మధ్యలో చనిపోతే ఆ రౌండు అయ్యేదాకా లేవరు. అలాంటప్పుడు శత్రువు ఎటు వస్తున్నాడన్న కబురు ఒక తుపాకీ కన్నా విలువైనది.

కాబట్టి నా నమ్మకం ఇది. గురి తక్కువైనవాడు కూడా చేయగలిగిన పని, అదీ దయతో ఇచ్చింది కాకుండా గెలుపుకు తప్పనిసరైన పని ఉంటేనే అది మంచి జట్టు షూటర్. ఈ మాట ఎక్కడ నిలవదో చెప్పండి. బావను మళ్లీ కూర్చోబెట్టగలిగే ఆట ఏదైనా ఉంటే అది కూడా చెప్పండి.


ఆఖరిరౌండు:

శివంరోడ్డు గారూ, మీ బావగారి విషయం చదివి బాధ కలిగింది. అయినా మీ సూత్రంతో నేను ఏకీభవించలేను.

మీ స్నేహితుడు “నాలాలో ముగ్గురు” అన్నప్పుడు పరుగెత్తి వెళ్లిన నలుగురికీ కాల్చడం రాకపోయి ఉంటే ఆ కబురుతో ఏం చేసేవారు? కబురుకు విలువ తెచ్చింది తుపాకీయే. పునాది అక్కడ ఉంది. అది గట్టిగా లేని ఆటలో మిగతావన్నీ అలంకారాలు.

నేను కౌంటర్ స్ట్రైక్ 2 ఆడతాను. ఏకే-47 తుపాకీతో గుండ్లు వరుసగా కాలిస్తే ముందు పైకి, తర్వాత పక్కలకు ఒక క్రమంలో పోతాయి. ఆ క్రమం ప్రతిసారీ దాదాపు ఒకటే. అందుకే దాన్ని నేర్చుకోవచ్చు. రోజూ కాలేజీ నుంచి వచ్చాక ఖాళీ గోడ మీద అరగంట కాల్చి, నాలుగు నెలల్లో నేర్చుకున్నాను. కదులుతూ కాలిస్తే గుండు ఎటో పోతుంది, ఆగి కాల్చాలి. శిరస్త్రాణం ఉన్నా తలకు ఒక్క గుండు చాలు. ఆ తుపాకీ ధర ఆటలో 2,700. ఇందులో అదృష్టంతో పెద్దగా పని లేదు. నేను ఓడిపోతే ఎందుకు ఓడిపోయానో నాకు తెలుస్తుంది. ఆటగాడికి ఆట ఇవ్వగలిగిన గౌరవం నా దృష్టిలో ఇదే.

దీనికి భిన్నంగా, ఒక మీట నొక్కగానే ఎదుటి జట్టు మొత్తం కూలిపోయే శక్తులు ఉన్న ఆటలు చూశాను. రానివాళ్లకు కూడా చోటు ఇవ్వాలన్న మంచి ఉద్దేశంతోనే అవి పెట్టి ఉంటారు. కానీ నేను నాలుగు నెలలు పడ్డ కష్టాన్ని ఎవరో ఒక మీటతో దాటేస్తే నాకు మళ్లీ ఆడాలనిపించదు. బలహీనుడికి చోటు ఇవ్వడం కోసం బలవంతుడి సాధనను తుడిచేయకూడదు.

జట్టుతనం కావాలంటే కౌంటర్ స్ట్రైక్ డబ్బు లెక్క చూడండి. తుపాకీలు కొనుక్కోవడానికి మొదట ఒక్కొక్కరికి 800. ఓడిన రౌండుకు 1,400 వస్తుంది. వరుసగా ఓడుతుంటే అది అయిదేసి వందలు పెరిగి 3,400 వరకు వెళ్తుంది. అంటే ఓడుతున్న జట్టు పూర్తిగా చేతులెత్తేయకుండా ఆటే పట్టుకుంటుంది. ఎవరికి వారు అరకొరగా కొంటే అందరూ చస్తారు. ఈ రౌండు ఖర్చు పెట్టకుండా దాచి, వచ్చే రౌండు అయిదుగురూ కలిసి కొనాలి. ఒకరు తుపాకీ కొని ఇంకొకరికి ఇవ్వవచ్చు. మీ బావగారు కొని మీ మేనల్లుడికి ఇస్తే జట్టుకు మేలే కదా?


పాతకీబోర్డు:

అందరూ మనుషుల గురించే మాట్లాడుతున్నారు. నేను మ్యాప్ గురించి ఒక మాట చెప్పి వెళ్తాను. డస్ట్ 2ను డేవ్ జాన్‌స్టన్ 2001లో చేశారు. అప్పటినుంచి ఆట రూపం ఎన్నిసార్లు మారినా ఆ మ్యాప్ ఉంది. దారులు తక్కువ, ప్రతి మూలా వేరుగా కనిపిస్తుంది. శివంరోడ్డు గారి నెట్ సెంటర్‌లో పిల్లలు ప్రతి చోటుకూ పేరు పెట్టగలిగారంటే కారణం అదే. పేరు పెట్టలేని చోటు గురించి జట్టుకు ఏం చెప్పగలం? ఏ మూల చూసినా ఒకేలా ఉండే మ్యాప్‌లలో “అక్కడ, అక్కడే, ఆ పెట్టె పక్కన” అనేలోపే చచ్చిపోతాం.


కూత:

ఈ చర్చ చూసి ఖాతా తెరిచాను. నేను అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటూ ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఇంటర్, డిగ్రీ అయిదేళ్లూ కాలేజీ జట్టులో కబడ్డీ ఆడాను. ఇప్పుడు గదిలోవాళ్లం నలుగురం ఫోన్లలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడతాం. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్ ఆపేసినప్పుడు మా మధ్య మాటలే తగ్గిపోయాయి. మరుసటి ఏడాది జూలైలో ఇది వచ్చాక మళ్లీ కలిశాం.

ఆఖరిరౌండు తమ్ముడూ, నీ మాటకు కబడ్డీలో జవాబు ఉంది. కూతకు వెళ్లేవాళ్లే అందరికీ కనిపిస్తారు, పాయింట్లు ఎక్కువగా వాళ్ల పేరు మీదే పడతాయి. నేను కూతకు దాదాపు వెళ్లేదాన్ని కాదు. ఎడమ మూల నాది. కూతకు వచ్చిన అమ్మాయి చీలమండ పట్టుకోవడం నా పని. పట్టు ఒక్క క్షణం నిలిస్తే చాలు, మిగతావాళ్లు వచ్చి పడతారు. నాకు ఆ అమ్మాయిని ఒంటరిగా ఆపే బలం లేదు, అవసరం కూడా లేదు. పరుగు లేని నేను అయిదేళ్లు జట్టులో ఉన్నానంటే ఆ ఆటలో పట్టుకు పాయింటు ఉంది కాబట్టి.

ఇంకో విషయం. కబడ్డీలో అవుటైనవాళ్లు బయట కూర్చుంటారు. మన జట్టు అవతలివాళ్లను ఎంతమందిని అవుట్ చేస్తే మనవాళ్లు అంతమంది, అవుటైన వరుసలోనే, తిరిగి లోపలికి వస్తారు. అంటే బయట కూర్చున్న ప్రతి మనిషీ లోపల ఆడేవాళ్ల బాధ్యత. ప్రొ కబడ్డీలో కోర్టులో ముగ్గురు లేదా అంతకన్నా తక్కువమంది మిగిలినప్పుడు కూతకు వచ్చినవాణ్ణి పడితే ఒకటి కాదు, రెండు పాయింట్లు. కష్టాల్లో ఉన్న జట్టుకు ఆశ ఇచ్చారు. కానీ ఊరికే ఇవ్వలేదు, పట్టుకుంటేనే ఇచ్చారు. తమ్ముడు చెప్పిన 3,400 లెక్క కన్నా ఇది నాకు నచ్చుతుంది. అక్కడ ఓడినందుకే డబ్బు వస్తోంది, ఇక్కడ చేసిన పనికి వస్తోంది.

మా ఆటలో కిందపడినవాళ్లను పక్కన కూర్చుని లేపవచ్చు. అందుకోసం తుపాకీ దించాలి, కొన్ని సెకన్లు కదలకూడదు. మా గదిలో ఒక అక్క ఉంది. కాల్చడం సరిగా రాదు. పొగ వేసి, ఆ పొగలో పాకుతూ వచ్చి, మనల్ని లేపి వెళ్తుంది. ఆమె లేకుండా మేం ఆట మొదలుపెట్టం. శివంరోడ్డు గారు చెప్పిన “దయతో ఇచ్చింది కాని పని” అంటే నాకు ఆమే గుర్తొచ్చింది.

మైకు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అబ్బాయిలు దీన్ని మరిచిపోతారు. వేరే ఆటలో తెలియనివాళ్లతో ఆడేటప్పుడు మైకు తెరిచి “ఇటు ఇద్దరు” అన్నాను. ఆ తర్వాత ఆట ముగిసేదాకా నా గొంతు మీద మాటలే తప్ప ఆ ఇద్దరి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అప్పటినుంచి తెలియనివాళ్ల ముందు మైకు తెరవను. అంటే నా దగ్గర ఉన్న కబురు జట్టుకు చేరదు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన ఎపెక్స్ లెజెండ్స్‌లో ఒక్క మీట నొక్కితే చాలు. శత్రువు ఇక్కడున్నాడని, ఈ సామాను తీసుకోమని, అటు వెళ్దామని గుర్తు పడుతుంది, పాత్ర తన గొంతుతో చెబుతుంది. నేను నోరు తెరవకుండానే జట్టులో మనిషినయ్యాను. ఒక ఆట మంచిదా కాదా అని అడిగితే నేను ముందు చూసేది ఇదే. మాట్లాడలేనివాళ్లు, మాట్లాడడానికి భయపడేవాళ్లు, భాష రానివాళ్లు ఆ జట్టుకు తమకు తెలిసింది చెప్పగలరా?


మణికొండఫైబర్:

నెట్‌వర్క్ ఉద్యోగిని. నా కోణం చిన్నదే కానీ ఇది లేకపోతే పైన అందరూ చెప్పింది కూలిపోతుంది.

ఆఖరిరౌండు గారు “నేను ఎందుకు ఓడానో నాకు తెలుస్తుంది” అన్నారు. అది తెలియాలంటే సర్వర్, అంటే ఆటను నడిపే కంప్యూటర్, దగ్గరలో ఉండాలి. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ నేరుగా చూసినా 3,300 కిలోమీటర్లు. వెళ్లి రావడానికే 33 మిల్లీసెకన్లు, అదీ తీగ సూటిగా ఉంటే. నిజంగా వంకరటింకరగా ఉంటుంది, దారిలో రూటర్లు ఉంటాయి, అంకె ఇంకా పెరుగుతుంది. ముంబయి అయితే నేరుగా 620 కిలోమీటర్లే.

ఇప్పుడు బావగారి సంగతికి వద్దాం. మూలన కాపు కాసి కూర్చున్నవాడి కన్నా, మూల దాటి బయటికి దూకినవాడికే అవతలివాడు ముందు కనపడతాడు. ఎందుకంటే దూకినవాడు కదిలిన కబురు సర్వర్‌కు వెళ్లి, అక్కడినుంచి కాపు కాసేవాడి తెర మీదికి రావాలి. ఆ ఆలస్యం అంతా దూకినవాడి లాభం. పైగా చాలా ఆటల్లో సర్వర్ కాలాన్ని కొంచెం వెనక్కి తిప్పి, కాల్చినవాడి తెర మీద ఏం కనిపించిందో దాన్ని బట్టి తీర్పు ఇస్తుంది. గోడ చాటుకు చేరాక కూడా చనిపోవడం అందుకే. అంటే చెడ్డ నెట్‌వర్క్ మీద ఆట దూకుడుగాళ్లకు వంత పాడుతుంది. ఓపికతో కాపు కాసేవాళ్లను శిక్షిస్తుంది. మీ బావగారి లాంటి ఆటగాళ్లు ఓడడంలో బొటనవేలి వంతు ఎంతో, ఈ ఆలస్యం వంతు ఎంతో ఒకసారి చూసుకోండి.

వాలరంట్ అనే జట్టు షూటర్ 2020 జూన్‌లో వచ్చినప్పుడు సర్వర్ సెకనుకు 128సార్లు లెక్క సరిచూసుకుంటుందని ముందే చెప్పింది. అంటే 7.8 మిల్లీసెకన్లకు ఒకసారి. దానికి ముంబయిలో సర్వర్ ఉంది. నేను ఇచ్చే ఒకే ఒక్క సలహా ఏమిటంటే, బావగారి కంప్యూటర్‌ను వైఫై మీద కాకుండా తీగతో కలపండి.


శివంరోడ్డు:

అందరికీ కృతజ్ఞతలు. ఒక్కొక్కరి మాటా ఇంట్లో చదివి వినిపించాను. నిన్న శనివారం. ఏం జరిగిందో చెబుతాను, కానీ ముందు ఆఖరిరౌండు గారికి ఒక జవాబు ఇవ్వాలి.

బావ తుపాకీ కొని మేనల్లుడికి ఇస్తే జట్టుకు మేలు జరుగుతుంది, నిజమే. కానీ అప్పుడు బావ ఆటగాడు కాదు, డబ్బు సంచి. ఇంట్లో ఆ పని ఆయన ఎలాగూ చేస్తున్నారు. వాడి కంప్యూటర్‌కు సామాను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో మూడు అంతస్తులు ఎక్కి దిగి కొన్నది ఆయనే. ఆటలో కూడా అదే పని ఇస్తే మేం ఆయన్ను చేర్చుకున్నట్టు కాదు. నేను అడిగిన పనిలో ఆ మనిషి తెలివి, ఓపిక, చూపు ఖర్చు కావాలి. ఆయన లేకపోతే అది ఇంకోలా జరగాలి.

అలాంటి పనిని ఆటే ఇవ్వడం నేను మొదటిసారి చూసింది టీమ్ ఫోర్ట్రెస్ 2లో. 1996లో రాబిన్ వాకర్, జాన్ కుక్, ఇయాన్ కాఫ్లీ అనే ముగ్గురు ఆస్ట్రేలియావాళ్లు క్వేక్ ఆటకు అనుబంధంగా చేసినదానికి ఇది వారసురాలు. 2007 అక్టోబరులో వచ్చింది. తొమ్మిది రకాల పాత్రలు. ఒక్కొక్కరి ఆకారం, నడక ఎంత వేరంటే, దూరాన నీడ కనిపించినా ఎవరో పోల్చుకోవచ్చు. నేను మెడిక్, అంటే వైద్యుణ్ణి. నా చేతిలో ఉన్నది మందు గొట్టం. మనవాడి వైపు తిప్పి పట్టుకుంటే ధార తనే అతుక్కుంటుంది, సన్నటి గురి అక్కర్లేదు. గాయపడ్డవాళ్లకు వైద్యం చేసేకొద్దీ నాలో శక్తి పోగవుతుంది. నిండడానికి మామూలుగా తక్కువలో తక్కువ నలభై సెకన్లు. నిండాక వదిలితే ఎనిమిది సెకన్లు నన్నూ, నేను పట్టుకున్నవాణ్ణీ ఏ గుండూ ఏమీ చేయలేదు. వాడే ముందు నేను చచ్చిపోతే పోగైనదంతా పోతుంది.

చేయి నెమ్మదైన మనిషి చుట్టూ అయిదుగురు నిలబడి కాపలా కాస్తారు. జాలితో కాదు, ఆ ఎనిమిది సెకన్లు తమకు కావాలి కాబట్టి. ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు వదలాలి అన్నది నేనే తేల్చుకోవాలి. ఒక్క మీటే, ఆఖరిరౌండు గారూ, కానీ దాని వెనక నలభై సెకన్లు బతికి ఉండడం ఉంది. మీరు అసహ్యించుకున్న మీటకూ దీనికీ తేడా అక్కడ ఉందని నా అభిప్రాయం. దాన్ని ఎదుటివాళ్లు ముందే ఊహించవచ్చు, మెడిక్‌ను చంపి ఆపవచ్చు.

రెయిన్‌బో సిక్స్ సీజ్‌ను కూడా ఇంట్లో ప్రస్తావించాను. 2015లో వచ్చిన ఆట. అందులో చనిపోయినవాడు కెమెరాల్లోంచి చూస్తూ బతికున్నవాళ్లకు చెప్పవచ్చు. మా నెట్ సెంటర్‌లో “చచ్చినవాడు నోరు తెరవకూడదు” అని కట్టుబాటు ఉండేది. అది న్యాయమేనని ఇరవై ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు అనుమానం వస్తోంది. అవుటైనవాళ్లు లోపలివాళ్ల బాధ్యత అని కూత గారు రాశారు. సీజ్‌లో అది తిరగబడింది, బయటపడ్డవాళ్లే లోపలివాళ్లను కాస్తారు.

చివరికి మేం వాలరంట్ ఎంచుకున్నాం. టీమ్ ఫోర్ట్రెస్‌లో అటూ ఇటూ పన్నెండేసిమంది ఉండే సర్వర్లలో మా అయిదుగురం చెదిరిపోతామని మా చెల్లి అంది. బావకు సైఫర్ అనే పాత్ర ఇచ్చాం. సైఫర్ గుమ్మాలకు అడ్డంగా కనపడని తీగ కడతాడు. దాటబోయినవాడు చిక్కుకుంటాడు, ఎక్కడున్నాడో మనకు కనపడిపోతాడు. గోడకు ఒక కెమెరా పెట్టి అందులోంచి చూడవచ్చు. బావ శుక్రవారం రాత్రి షాపు కట్టేసి వచ్చి, ఎవరూ లేని ఖాళీ మ్యాప్ తెరిచి, పన్నెండున్నర దాకా ఒక్కొక్క గుమ్మం దగ్గర తీగ కట్టి, తీసి, మళ్లీ కట్టి చూశారట. అక్క ఫోన్ చేసి చెప్పింది. ఎంత ఎత్తులో కడితే వంగి దాటలేరో, ఏ పెట్టె చాటున ముడి వేస్తే కాల్చి తెంపలేరో నోటుబుక్కులో రాసుకున్నారు. అదే నోటుబుక్కులో ముందు పేజీల్లో జాకెట్ల కొలతలు ఉన్నాయి.

మణికొండఫైబర్ గారూ, మీ మాట ప్రకారం నెట్ తీగ కూడా లాగాం. హాలు నుంచి గది దాకా, గుమ్మం పైనుంచి. తేడా బావకే ముందు తెలిసింది. మూల దగ్గర నిలబడితే ఇంతకుముందులా తెలియకుండా చావడం లేదన్నారు.

మొదటి ఆట 13-9తో ఓడిపోయాం. బావ తీగలు సరిగ్గానే పనిచేశాయి, కానీ మేం వినడం నేర్చుకోలేదు. “ఎడమ గుమ్మంలో ఒకడు చిక్కాడు” అని ఆయన చెబుతుంటే మేనల్లుడు తన దారిన ముందుకు దూకుతున్నాడు. ఆఖరిరౌండు గారు చెప్పింది నిజమే, కబురు అందినా కాల్చేవాడు అక్కడ లేకపోతే అది వృథా. రెండో ఆట సగంలో వాడు ఒకసారి ఆగి వెనక్కి వచ్చాడు. చిక్కినవాణ్ణి గోడ చాటునుంచే కాల్చాడు. ఇంకొక రౌండులో మళ్లీ అలాగే. ఆ తర్వాత ప్రతి రౌండు ముందు వాడు బావ దగ్గర నిలబడి గుమ్మాల వైపు చూడడం మొదలుపెట్టాడు.

రెండో ఆట 13-11తో గెలిచాం. మార్కుల పట్టీలో చివరి పేరు బావదే. ఆయన చంపింది ఆరుగురిని. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. పదకొండున్నర అవుతోంది, పొద్దున షాపు తీయాలని బావ లేవబోతుంటే మైకులో మేనల్లుడి గొంతు వినిపించింది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా మైకులోనే అడిగాడు.

“నాన్నా, ఇంకొక్కటి ఆడదాం. నువ్వు తీగ కడితేనే నేను ముందుకు వెళ్లగలను.”